బేసిక్‌తో ల్యాబ్ పరికరాలను నడిపించడం: కేబుల్ దగ్గర్నుంచి రాత్రంతా సాగే లాగ్ దాకా

తడి నమూనా ఎండేకొద్దీ బరువు ఎలా తగ్గుతుందో నమోదు చేద్దామని ఓసారి బ్యాలెన్స్‌ను కంప్యూటర్‌కి తగిలించి, బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం పెట్టి ఇంటికి వెళ్లిపోయాను. పొద్దున్నే వచ్చి చూస్తే ఫైల్లో చివరి రీడింగ్ రాత్రి 11:59ది. కేబుల్ ఊడలేదు, కరెంటు పోలేదు, బ్యాలెన్స్ చక్కగా వెలుగుతూనే ఉంది. ప్రోగ్రాం మాత్రం ఎప్పటికీ రాని టైము కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. తప్పు నాదే. అదేంటో ఐదో అంచెలో చెప్తాను.

పరికరానికి ఆదేశం పంపడం ఒక్క లైను పని. జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, రాకపోతే ఏం చేయాలి, వచ్చినదాన్ని నమ్మాలా వద్దా అన్నవే అసలు ప్రోగ్రాం. అందుకే ఇక్కడ కూడా పంపడం గురించి తక్కువ, వినడం గురించి ఎక్కువ ఉంటుంది.

బేసిక్ ఎందుకు అంటారా? 1964లో డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ దీన్ని తయారుచేసింది కంప్యూటర్ చదువు చదవని విద్యార్థుల కోసం. ల్యాబ్‌లో ఉండేదీ ఎక్కువగా అలాంటివాళ్లే: కెమిస్ట్రీ తెలుసు, ప్రోగ్రామింగ్ అవసరమైనంత మేరకే. పరికరాలు తయారుచేసిన హ్యూలెట్ ప్యాకార్డ్ తన డెస్క్‌టాప్ కంప్యూటర్లలో బేసిక్‌నే పెట్టి, పరికరాలతో మాట్లాడే ఆదేశాలను అందులోనే కలిపేసింది. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పైథాన్ వైపు వెళ్లినా నేను కాదనను. కానీ ఏళ్లుగా నడుస్తున్న బేసిక్ ప్రోగ్రాం చేతికొస్తే, లేదా ఒక్క పరికరం నుంచి సాయంత్రంలోగా అంకెలు రప్పించాలంటే, ఇది ఇప్పటికీ దగ్గరి దారి.

ఇంకో మాట. కింద ప్రోగ్రాం లైన్లు తెలుగు లిపిలో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఆదేశాలు, వేరియబుల్ పేర్లు అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి. నేను "ఎల్‌ఓసీ" అని రాస్తే ఆ మూడు అక్షరాలు కొట్టండి.

1. ఏ పరికరం, ఏ బేసిక్

మొదటిసారి అయితే ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్‌తో మొదలుపెట్టండి. ఒక అక్షరం పంపితే ఒక బరువు వస్తుంది, తప్పు చేసినా ఏదీ కాలిపోదు. వెనక ఆర్‌ఎస్-232 పోర్ట్, అంటే 9 పిన్నుల సీరియల్ పోర్ట్, ఉందో లేదో చూసుకోండి.

డాస్ మీద నడిచే పాత కంప్యూటర్ అయితే క్యూబేసిక్ చాలు, 1991లో ఎంఎస్-డాస్ 5.0తో పాటే వచ్చింది. కాకపోతే అది కామ్1, కామ్2 అనే సీరియల్ పోర్టులను మాత్రమే చూస్తుంది. విండోస్ మీద క్యూబీ64 దాదాపు అదే భాషను నడిపిస్తుంది, పెద్ద నంబర్ల కామ్ పోర్టులనూ తెరుస్తుంది. నేను క్యూబేసిక్ పద్ధతిలో రాస్తున్నాను.

కంప్యూటర్‌కి సీరియల్ పోర్ట్ లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. ఇక్కడ జాగ్రత్త. చిన్న సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే 5 లేదా 3.3 వోల్టుల టీటీఎల్ అడాప్టర్లు చూడ్డానికి ఇలాగే ఉంటాయి గానీ ఆర్‌ఎస్-232 కావు. ఆర్‌ఎస్-232 గీత మీద మైనస్ 12 వోల్టుల దాకా ఉండొచ్చు. టీటీఎల్ అడాప్టర్‌ని దానికి తగిలిస్తే అది అక్కడికక్కడే పోవచ్చు.

2. కేబుల్

సగం సమస్యలు ఇక్కడే ఉంటాయి, పైగా జనం ఇక్కడ చూడరు. ప్రోగ్రాంలో గంటలకొద్దీ వెతికి, చివరికి కేబుల్ మారిస్తే పని అయిపోయిన సందర్భాలు నాకే బోలెడు.

కంప్యూటర్ 9 పిన్నుల పోర్ట్‌లో 2వ పిన్ వినేది, 3వ పిన్ మాట్లాడేది, 5వ పిన్ గ్రౌండ్. పరికరం వైపు 2 మాట్లాడేదైతే నేరు కేబుల్ కావాలి. అటు కూడా 3 మాట్లాడేదైతే 2, 3 తిరగేసిన కేబుల్ కావాలి, దాన్నే నల్ మోడెమ్ అంటారు. ఏది ఏదో మాన్యువల్ చెప్పకపోతే మల్టీమీటర్ చెప్తుంది. పరికరం ఆన్ చేసి, కేబుల్ తగిలించకుండా, నల్ల ప్రోబ్ 5వ పిన్ మీద, ఎర్ర ప్రోబ్ 2 మీద ఒకసారి, 3 మీద ఒకసారి పెట్టండి. మాట్లాడే గీత ఖాళీగా ఉన్నప్పుడు కూడా మైనస్ వోల్టేజ్‌లో ఉంటుంది, సాధారణంగా మైనస్ 5 నుంచి 12 మధ్య. మైనస్ కనిపించిన పిన్నే దాని నోరు. రెండు వైపులా కొలిచి, ఒకరి నోటిని ఇంకొకరి చెవికి కలపండి.

కంప్యూటర్ వైపు పోర్ట్ బాగుందో లేదో తేల్చడానికి దాని 2, 3 పిన్నులను చిన్న తీగతో కలిపేయండి. ఏదైనా టెర్మినల్ ప్రోగ్రాంలో, అంటే కొట్టినదాన్ని పోర్ట్‌కి పంపి, వచ్చినదాన్ని చూపించేదాంట్లో, అక్షరం కొడితే అదే అక్షరం వెనక్కి వచ్చి తెర మీద పడాలి. తీగ తీసేస్తే రాకూడదు. ఈ రెండో సగం కూడా చేసి చూడండి, ఎందుకంటే కొన్ని టెర్మినల్ ప్రోగ్రాంలు మీరు కొట్టినదాన్ని తామే చూపిస్తాయి.

మూడు తీగలు అన్నిసార్లూ చాలవు. హ్యూలెట్ ప్యాకార్డ్ 34401ఏ మల్టీమీటర్ లాంటివి "కాస్త ఆగు" అనే సంకేతాన్ని డీటీఆర్, డీఎస్‌ఆర్ అనే వేరే గీతల మీద ఇస్తాయి. అలాంటివాటికి ఆ గీతలు కూడా ఉన్న కేబుల్ కావాలి.

3. రెండు వైపులా ఒకే సెట్టింగ్

వేగం, ప్యారిటీ (అక్షరం తప్పుగా చేరితే పట్టే అదనపు బిట్), డేటా బిట్లు (ఒక్కో అక్షరానికి వాడే బిట్లు), స్టాప్ బిట్లు (అక్షరం అయిపోయిందని చెప్పేవి). ఈ నాలుగూ పరికరం మెనూలో ఎలా ఉన్నాయో కాగితం మీద రాసుకుని అవే ప్రోగ్రాంలో పెట్టండి. 9600, ప్యారిటీ లేదు, 8, 1 అన్నది చాలా చోట్ల కనిపిస్తుంది, కానీ అదే ఉంటుందని అనుకోవద్దు. పైన చెప్పిన 34401ఏ ఫ్యాక్టరీ నుంచి 9600, ఈవెన్ ప్యారిటీ, 7 డేటా బిట్లు, 2 స్టాప్ బిట్లతో వస్తుంది.

పోర్ట్ తెరిచే లైను ఇది:

ఓపెన్ "కామ్1:9600,ఎన్,8,1,సీఎస్0,డీఎస్0,సీడీ0,ఆర్‌బీ2048" ఫర్ ర్యాండమ్ యాజ్ #1

సీఎస్0, డీఎస్0, సీడీ0 అంటే ఆ అదనపు గీతల కోసం ఎదురుచూడొద్దని. మూడు తీగల కేబుల్‌తో ఇవి లేకపోతే 24వ నంబర్ ఎర్రర్, డివైస్ టైమౌట్, వస్తుంది. ఆర్‌బీ2048 వచ్చే అక్షరాలకు కాస్త పెద్ద బఫర్ ఇస్తుంది, అంటే మనం చదివేదాకా అవి ఆగే చోటు.

4. మొదటి పలకరింపు

పూర్తి ప్రోగ్రాం రాయకముందే ఒక్క జవాబు చేతితో రప్పించండి. మెట్లర్ టొలెడో బ్యాలెన్స్‌లు చాలావాటిలో ఎస్ఐసీఎస్ అనే ఆదేశాల పద్ధతి ఉంటుంది. "ఎస్" పంపితే బరువు నిలకడకు వచ్చాక చెప్తుంది. "ఎస్ఐ" పంపితే నిలకడ ఉన్నా లేకున్నా అప్పటికప్పుడు చెప్తుంది. వేరే కంపెనీవాటికి వేరే అక్షరాలు, మాన్యువల్‌లో ఉంటాయి.

ప్రింట్ #1, "ఎస్ఐ" + సీహెచ్‌ఆర్$(13) + సీహెచ్‌ఆర్$(10);

13 అంటే క్యారేజ్ రిటర్న్, 10 అంటే లైన్ ఫీడ్. ఇవి రాకపోతే మీరింకా చెప్తూనే ఉన్నారనుకుని పరికరం వింటూ కూర్చుంటుంది. చివర్లో సెమికోలన్ ఎందుకంటే, అది లేకపోతే బేసిక్ తనవంతుగా ఇంకో లైన్ ముగింపు తగిలిస్తుంది. దాన్ని ఖాళీ ఆదేశం అనుకుని కొన్ని పరికరాలు తప్పు అని తిరిగి పంపిస్తాయి.

జవాబు అసలే రాకపోతే ముందు తీగను, తర్వాత వేగాన్ని అనుమానించండి. పిచ్చి అక్షరాలు వస్తే తీగ బాగుంది, వేగమో ప్యారిటీయో తేడా. వేగం తప్పైనప్పుడు కూడా నిశ్శబ్దమే ఎదురవ్వొచ్చు, మీ ఆదేశం పరికరానికి అర్థం కాలేదు కాబట్టి. ఈ చిక్కు విప్పడానికి బ్యాలెన్స్ మీద ప్రింట్ బటన్ నొక్కండి. అప్పుడు అడగకుండానే బరువు పంపుతుంది. అది సరిగ్గా చేరితే వినే వైపు అంతా బాగున్నట్టే. ఇక మాట్లాడే తీగ, లైన్ ముగింపు మాత్రమే చూసుకోవాలి.

5. వినడం

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళ్దాం. బేసిక్‌లో లైన్ ఇన్‌పుట్ #1 అనే సులువైన ఆదేశం ఉంది. దాని జోలికి పోకండి. జవాబు రాకపోతే అది అలాగే కూర్చుంటుంది, ప్రోగ్రాం మొత్తం దానితో పాటే. ఒక్కో అక్షరం మనమే తీసుకుంటూ, గడువు దాటితే లేచి వచ్చేలా రాసుకోవాలి:

ఫంక్షన్ విను$ (గడువు!)
మొదలు! = టైమర్
మాట$ = ""
డూ
ఇఫ్ ఎల్‌ఓసీ(1) > 0 థెన్
అ$ = ఇన్‌పుట్$(1, #1)
ఇఫ్ అ$ = సీహెచ్‌ఆర్$(10) థెన్ ఎగ్జిట్ డూ
ఇఫ్ అ$ <> సీహెచ్‌ఆర్$(13) థెన్ మాట$ = మాట$ + అ$
ఎండ్ ఇఫ్
గడిచింది! = టైమర్ - మొదలు!
ఇఫ్ గడిచింది! < 0 థెన్ గడిచింది! = గడిచింది! + 86400
ఇఫ్ గడిచింది! > గడువు! థెన్ మాట$ = "": ఎగ్జిట్ డూ
లూప్
విను$ = మాట$
ఎండ్ ఫంక్షన్

ఎల్‌ఓసీ(1) బఫర్‌లో ఎన్ని అక్షరాలు వేచి ఉన్నాయో చెప్తుంది. సున్నా అయితే తీసుకోవడానికి ప్రయత్నించం, అందుకే ఎక్కడా ఇరుక్కోం. గడువు దాటితే ఖాళీ మాట వెనక్కి వస్తుంది. సగం వచ్చిన జవాబును కావాలనే పారేస్తున్నాం. "100.00" రావాల్సిన చోట "10" దాకా వచ్చి ఆగిపోతే, ఆ 10ని బరువుగా రాసుకోవడం కంటే ఏమీ రాలేదనుకోవడం మేలు.

ఇక 86400 ఉన్న లైను. నా ఆ రాత్రి కథ ఇదే. బేసిక్‌లో టైమర్ అర్ధరాత్రి నుంచి గడిచిన సెకన్లు చెప్తుంది. రాత్రి పన్నెండుకు మళ్లీ సున్నా అవుతుంది. నేను "టైమర్ విలువ మొదలు + 5 దాటేదాకా ఆగు" అని రాశాను. 86398 దగ్గర మొదలైతే 86403 దాటాలి. అంత అంకె ఏ రోజూ రాదు. పగలు ఎన్నిసార్లు పరీక్షించినా బాగా నడిచిన ప్రోగ్రాం ఆ ఒక్క క్షణంలో చిక్కుకుంది. తేడా తీసి, నెగటివ్ వస్తే ఒక రోజు సెకన్లు కలిపితే సరి.

ఇంకో ఉచ్చు దీనికంటే మెత్తనిది. గడువు దాటింది, మీరు వదిలేసి మళ్లీ అడిగారు. అప్పుడు పాత ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వచ్చి చేరింది. దాన్నే కొత్త జవాబు అనుకుని రాసేసుకున్నారు. అక్కణ్నుంచి ప్రతి రీడింగూ ఒక అడుగు వెనక ఉంటుంది. అంకెలన్నీ సబబుగానే కనిపిస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే ప్రతి ప్రశ్నకు ముందు బఫర్ ఊడ్చేయండి:

డూ వైల్ ఎల్‌ఓసీ(1) > 0: చెత్త$ = ఇన్‌పుట్$(1, #1): లూప్

గడువు ఎంత పెట్టాలన్నది పరికరం కొలిచే సమయాన్ని బట్టి ఉంటుంది. మంచి మల్టీమీటర్లు కరెంటు సైకిళ్ల లెక్కలో కొలుస్తాయి. 50 హెర్ట్జ్ దగ్గర ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, 100 సైకిళ్లు పెడితే ఒక్క కొలతకే 2 సెకన్లు. దానికి ఆటో జీరో, అంటే ప్రతి కొలతకూ మీటర్ తన సున్నాను కూడా కొలుచుకోవడం, తోడైతే అదే కొలత రెండింతలు పడుతుంది. అలాంటిదానికి ఒక సెకను గడువు పెట్టి "జవాబు రావడం లేదు" అనుకోవడంలో అర్థం లేదు.

6. వచ్చిన జవాబును అనుమానించడం

బ్యాలెన్స్ జవాబు సుమారుగా ఇలా ఉంటుంది:

ఎస్ ఎస్     100.00 జీ

మూడో స్థానంలోని అక్షరమే ముఖ్యం. అక్కడ ఎస్ ఉంటే నిలకడ బరువు, డీ ఉంటే ఇంకా కదులుతున్నది, ఐ ఉంటే ఇప్పుడు చెప్పలేనని, ప్లస్ ఉంటే పరిమితి దాటిందని. చాలామంది దీన్ని దాటేసి నేరుగా వ్యాల్ ఫంక్షన్‌తో అంకె తీసేస్తారు. వ్యాల్ చాలా మర్యాదస్తుడు. అంకె కాని దేన్నిచ్చినా గొడవ చేయకుండా సున్నా ఇస్తుంది. ఖాళీ మాటకూ సున్నా, "ఎస్ ఐ"కీ సున్నా. ఫైల్లో బరువు సున్నా అని పడితే పళ్లెం మీద ఏమీ లేదా, లేక బ్యాలెన్స్ బదులు చెప్పలేదా? నెల తర్వాత గ్రాఫ్ గీసేవాళ్లకు తెలిసే దారే లేదు.

స్థితి$ = మిడ్$(జవాబు$, 3, 1)
ఇఫ్ స్థితి$ = "ఎస్" ఆర్ స్థితి$ = "డీ" థెన్
బరువు# = వ్యాల్(మిడ్$(జవాబు$, 5))
మంచిది% = 1
ఎల్స్
మంచిది% = 0
ఎండ్ ఇఫ్

మంచిది కాని రీడింగ్‌ను వదిలేయకుండా, బరువు గడి ఖాళీగా ఉంచి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు పక్కన రాయండి. మల్టీమీటర్లలో ఇలాంటిదే ఇంకోటుంది. రేంజ్ దాటితే చాలా పరికరాలు 9.9 పక్కన 37 ఘాతంతో ఒక రాక్షస సంఖ్య పంపుతాయి. అది కొలత కాదు, "ఓవర్‌లోడ్" అనే మాట. సగటులో అది ఒక్కటి కలిసినా మొత్తం పోయినట్టే.

7. స్కిపీ మాట్లాడే పరికరాలు

ఒకప్పుడు ప్రతి పరికరానికీ దాని సొంత భాష. హ్యూలెట్ ప్యాకార్డ్ 3478ఏ మల్టీమీటర్‌కి "ఎఫ్1ఆర్‌ఏఎన్5" అంటే డీసీ వోల్టులు, ఆటో రేంజ్, ఐదున్నర అంకెలు. 1990లో వచ్చిన ఎస్‌సీపీఐ అనే ఉమ్మడి ఆదేశాల భాష, నోటితో స్కిపీ, దీన్ని చాలావరకు ఒక దారికి తెచ్చింది. అందులో మొదటి ప్రశ్న ఎప్పుడూ "*ఐడీఎన్?". జవాబుగా తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ వెర్షన్ కామాలతో వస్తాయి. లాగ్ ఫైల్ మొదటి లైన్లో దీన్ని రాసి పెట్టుకోండి. ఏ మీటర్‌తో కొలిచారని తర్వాత ఎవరైనా అడిగితే వెతుక్కోనక్కర్లేదు.

ఆ తర్వాత "*ఆర్‌ఎస్‌టీ"తో పరికరాన్ని తెలిసిన స్థితికి తెచ్చి, "*సీఎల్ఎస్"తో పాత తప్పుల జాబితా తుడిచి, "మెజ్:వోల్ట్:డీసీ?" అని అడిగితే వోల్టేజ్ వస్తుంది. సీరియల్ మీద 34401ఏ లాంటివాటికి ముందుగా "సిస్ట్:రెమ్" పంపాలి.

ప్రశ్న గుర్తు ఉన్నదానికే జవాబు వస్తుంది. లేనిదానికి జవాబు కోసం ఎదురుచూస్తే గడువు దాటడం తప్ప ఏమీ జరగదు, పరికరం మైనస్ 420 తప్పు నమోదు చేసుకోవచ్చు. జవాబు చదవకుండానే ఇంకో ఆదేశం పంపితే మైనస్ 410. ఆదేశంలో అక్షరం తప్పైతే మైనస్ 113. ఇవన్నీ "సిస్ట్:ఎర్?" అని అడిగితే బయటపడతాయి. ప్రోగ్రాం రాస్తున్న రోజుల్లో ప్రతి ఆదేశం వెనకా ఈ ప్రశ్న వేయించండి.

8. జీపీఐబీ

పరికరం వెనక 24 పిన్నుల వెడల్పాటి కనెక్టర్, ఒకదాని మీద ఒకటి పేర్చే కేబుళ్లు కనిపిస్తే అది జీపీఐబీ. హ్యూలెట్ ప్యాకార్డ్ హెచ్‌పీఐబీగా మొదలుపెట్టినది 1975లో ఐఈఈఈ 488 ప్రమాణం అయింది. కంప్యూటర్‌తో కలిపి 15 పరికరాల దాకా ఒకే తీగ మీద ఉండొచ్చు. ఒక్కోదానికి 0 నుంచి 30 లోపు వేర్వేరు అడ్రస్ ఉండాలి. మొత్తం కేబుల్ పొడవు 20 మీటర్లు లేదా పరికరానికి 2 మీటర్ల చొప్పున, ఏది తక్కువైతే అది.

దీని తెలివంతా హ్యాండ్‌షేక్‌లో ఉంది. 8 డేటా గీతల పక్కన మూడు గీతలు: "డేటా పెట్టాను", "ఇంకా సిద్ధంగా లేను", "ఇంకా తీసుకోలేదు". వింటున్నవాళ్లలో అందరికంటే నెమ్మదైనవాడు తీసుకున్నానని చెప్పేదాకా మాట్లాడేవాడు తరువాతి అక్షరం పెట్టడు. అందుకే ఇక్కడ వేగం సెట్టింగ్ లేదు, ప్యారిటీ గొడవ లేదు. దానికి మూల్యం, ఒక మొండి పరికరం బస్సు (పరికరాలన్నీ పంచుకునే ఆ తీగల వరస) మొత్తాన్నీ ఆపేయగలదు. బస్సు బిగుసుకుపోతే కేబుళ్లు ఒక్కొక్కటే తీసి చూడటమే నాకు తెలిసిన మంచి పద్ధతి.

హ్యూలెట్ ప్యాకార్డ్ సొంత బేసిక్‌లో ఇదంతా రెండు లైన్లు:

అవుట్‌పుట్ 722; "మెజ్:వోల్ట్:డీసీ?"
ఎంటర్ 722; వోల్టులు

7 అంటే ఇంటర్‌ఫేస్ నంబర్, 22 అంటే మీటర్ అడ్రస్. పాత ప్రోగ్రాంలలో ఈ 722 కనిపిస్తే ఇక అయోమయపడరు. ఇప్పటి కంప్యూటర్‌లో ఇదే చేయాలంటే ప్రొలాజిక్స్ లాంటి యూఎస్‌బీ అడాప్టర్ సులువు. అది కంప్యూటర్‌కి మామూలు కామ్ పోర్ట్‌లాగే కనిపిస్తుంది. "++యాడర్ 22" అని పంపితే ఆ అడ్రస్‌తో మాట్లాడుతుంది, "++రీడ్ ఈఓఐ" అంటే జవాబు తెచ్చిస్తుంది. మీ విను$ ఫంక్షన్‌ను మార్చాల్సిన పనే లేదు.

9. ఫైల్లో రాయడం

ప్రతి రీడింగ్‌కీ ఫైల్‌ను అపెండ్‌లో (ఉన్నదాని చివర చేర్చే పద్ధతిలో) తెరిచి, ఒక లైను రాసి, మూసేయండి. నెమ్మదే, కానీ కరెంటు పోతే పోయేది ఆ ఒక్క లైనే. డేట్$, టైమ్$, గడిచిన సెకన్లు, బరువు, మంచిది%, అసలు జవాబు. ఈ వరస నాకు ఎప్పుడూ సరిపోయింది. రైట్ #2 వాడితే కామాలు, కోట్ గుర్తులు అదే పెడుతుంది, స్ప్రెడ్‌షీట్‌లో నేరుగా తెరుచుకుంటుంది.

10. కొలవడమే కాదు, నడిపిస్తుంటే

పవర్ సప్లై, హీటర్, పంపు లాంటివాటికి ఆదేశాలిస్తున్నప్పుడు ప్రోగ్రాం చచ్చిపోతే ఏమవుతుందో ముందే ఆలోచించండి. పరికరం తనకు చివరగా చెప్పినదాన్నే చేస్తూ ఉంటుంది. ఆన్ ఎర్రర్ గోటు పెట్టి, తప్పు వచ్చిన చోట "అవుట్‌ప్ ఆఫ్" పంపించడం కనీస మర్యాద. కానీ కంప్యూటరే బిగుసుకుపోతే ఆ లైను కూడా నడవదు. హీటర్‌కి మాత్రం వేడి హద్దు దాటితే కరెంటు తెంచేసే, కంప్యూటర్‌తో సంబంధం లేని విడి థర్మల్ కటాఫ్ ఉండి తీరాలి, ఇందులో బేరాల్లేవు. పవర్ సప్లైకి మొదట కరెంట్ పరిమితి, తర్వాత వోల్టేజ్, ఆఖరున అవుట్‌పుట్ ఆన్ అనే వరసలో చెప్పండి.

రాత్రికి వదిలేసే ముందు

లాగ్ నడుస్తుండగా కేబుల్ పీకి, నిమిషం తర్వాత మళ్లీ పెట్టండి. ప్రోగ్రాం ఖాళీ గడులు రాసి, దానంతటదే కోలుకోవాలి. బ్యాలెన్స్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. పళ్లెం మీద చేయి ఆనించి బరువు ఊగేలా చేసి, స్థితి అక్షరం ఫైల్లో మారుతోందా చూడండి. చివరగా కంప్యూటర్ గడియారాన్ని రాత్రి 11:58కి తిప్పి, అయిదు నిమిషాలు అక్కడే కూర్చోండి. 12:01 రీడింగ్ పడ్డాక గడియారం సరిచేసి, లాగ్ మొదటి నుంచి మొదలుపెట్టి ఇంటికి వెళ్లండి.